దిద్దుబాటు వేరు, తుడిచివేత వేరు

తోట నాటినవాడు అది ఎల్లకాలమూ నాటిన నాటివలెనే ఉండాలని కోరడు. 1955 జూలై 17వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్ అనే ఊరిలో, డిస్నీలాండ్ వినోదోద్యానవనాన్ని తెరచిన వాల్ట్ డిస్నీ అభిప్రాయం కూడ ఇదే. నారింజ తోటలున్న 160 ఎకరాల నేలలో, సుమారు ఒక్క సంవత్సరంలో, 1 కోటి 70 లక్షల డాలర్ల వ్యయంతో కట్టిన ఆ వనం ఎన్నటికీ పూర్తికాదనీ, లోకంలో కల్పనాశక్తి ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటుందనీ ఆయన చెప్పేవాడు. కాబట్టి అక్కడ పాతది పోయి కొత్తది వచ్చినంతమాత్రాన ఆక్షేపించవలసినది లేదు. ఏది పోయినది, దేనికొరకు పోయినది అన్నదే విచారించవలసిన విషయం.

తొలి సంవత్సరాలలో వచ్చినవి ఎక్కువగా చేర్పులే. 1956లో అక్కడి కృత్రిమ నదిమధ్య, మార్క్ ట్వేన్ 1876లో ప్రచురించిన నవలలోని చిలిపి బాలుని పేర, టామ్ సాయర్ దీవి వెలసినది. దాని రూపురేఖలను డిస్నీ తానే దిద్దినాడు. 1959లో మాటర్‌హార్న్ శిఖరాన్ని పోలిన కొండ లేచినది; దానిలో ఉక్కుగొట్టాల పట్టాలమీద బండ్లు పరుగులెత్తినవి. 1963లో యంత్రపు పక్షులు గొంతెత్తి పాడినవి. 1966 డిసెంబరులో డిస్నీ మరణించినాడు. ఆయన పర్యవేక్షణలో రూపొందిన సముద్రపు దొంగల విహారం 1967 మార్చిలో ప్రారంభమైనది.

కాలం గడిచినకొద్దీ చేర్పులతోబాటు దిద్దుబాట్లు కూడ అవసరమైనవి. ఆ దొంగల విహారంలో ఒక దృశ్యం ఉండేది. చెరపట్టిన స్త్రీలను వరుసగా నిలబెట్టి, పెండ్లికూతుళ్లుగా వేలం వేయటం! దానిని చూచి పడవలలోని వారు నవ్వాలని ఉద్దేశం. పదేండ్ల బాలిక తల్లి ప్రక్కన కూర్చుండి ఆ దృశ్యాన్ని చూస్తే నేర్చుకొనేదేమి? 2018లో దానిని మార్చినారు. ఇప్పుడు వేలానికి వచ్చేది దోచిన సొత్తు. నాడు అమ్ముడుపోవటానికి నిలబడిన ఎర్రజుట్టు స్త్రీ నేడు తానే తుపాకి పట్టిన దొంగ. అడవి నదిలో పడవ విహారం 1955 నుండి ఉన్నది. అందులో ఆటవిక జాతులవారిని అపహాస్యం చేసే బొమ్మలను 2021లో తొలగించినారు.

1989లో మొదలైన స్ప్లాష్ మౌంటెన్ విహారం కథ మరింత గమనింపదగినది. దానికి ఆధారం 1946 నాటి చలనచిత్రం. బానిసత్వం రద్దయిన తరువాత కూడ దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారు పడిన బాధను ఆ చిత్రం తీపిపూత పూసి చూపినదని విడుదలైన నాటినుండే విమర్శ ఉన్నది. ఆనహైమ్‌లో 2023లో ఆ విహారాన్ని మూసివేసి, 2024 నవంబరులో టియానా కథతో తిరిగి తెరచినారు. డిస్నీ సంస్థ చిత్రాలలో తొలి నల్లజాతి రాకుమారి ఆమె. కొండ ఉన్నది, నీటి జారుడు ఉన్నది, తడిసిన పిల్లల కేరింతలు ఉన్నవి. కథ మాత్రమే మారినది.

తమ బాల్యస్మృతులను చెరిపివేసినారని కొందరు పెద్దలు నొచ్చుకొన్నారు. స్మృతి విలువైనదే. అయితే ఒక బాలుని తీపి జ్ఞాపకం మరొక బాలుని అవమానంమీద నిలువరాదు. పాఠ్యపుస్తకంలో తప్పు కనబడితే, చిన్ననాడు దానినే వల్లించినామని ఉపాధ్యాయుడు దానిని విడిచిపెట్టడు గదా!

ఇంతవరకు జరిగినది దిద్దుబాటు. 2025లో ఫ్లోరిడాలో జరిగినది వేరు. అక్కడ 1971లో తెరచిన మాజిక్ కింగ్‌డమ్ ఉద్యానంలోనూ ఒక నది, ఒక ఆవిరి పడవ, 1973 నుండి ఒక టామ్ సాయర్ దీవి ఉండేవి. 2025 జూలై 6వ తేదీ వాటికి చివరి దినం. నదిని పూడ్చి ఆ చోట, 2006లో వచ్చిన మాటలాడే కార్ల చిత్రాన్ని అనుసరించి, కొత్త విహారాలు నిర్మింప సంకల్పించినారు.

ఆ దీవిలో ఏమున్నది? తెప్పమీద దాటిపోవాలి. పిదప దారి చూపేవారు లేరు. చీకటి గుహలున్నవి, పీపాలమీద తేలే, అడుగు వేస్తే ఊగే వంతెన ఉన్నది, చెక్కకోట ఉన్నది. ఎటు పోవాలో, ఎంతసేపు ఉండాలో పిల్లవాడే నిర్ణయించుకొంటాడు. తక్కిన విహారాలలో అతనిని కూర్చుండబెట్టి, కడ్డీ బిగించి, ముందే వ్రాసిపెట్టిన కథలో త్రిప్పి తీసుకొని వస్తారు. అందులో ఆనందం లేకపోలేదు. కాని అతడు అందులో ప్రేక్షకుడు. దీవిలో కథ అల్లేవాడు అతడే. ఈ దీవిని తీసివేయటంవల్ల సరిదిద్దబడిన అసత్యం ఏమున్నది? ఎవరి అవమానం తొలగినది?

కాలం మారినదనీ, నేటి పిల్లలకు టామ్ సాయర్ కంటె కార్ల చిత్రమే తెలుసుననీ సమాధానం చెప్పవచ్చును. కావచ్చును. కాని గుహలో దూరటానికి నవల చదివి ఉండనక్కరలేదు. చోటు చాలదని అనటానికి అసలే వీలు లేదు. ఫ్లోరిడాలో ఆ సంస్థ తొలుత కొన్న నేల 27 వేల ఎకరాలకు పైమాటే. ఆనహైమ్‌లో నేల ఇరుకు. అక్కడ 14 ఎకరాల స్టార్ వార్స్ ప్రాంగణానికి చోటు కావలసివచ్చినప్పుడు నదిని కొంత కురచ చేసినారు, కొత్త జలపాతాలు కట్టినారు, 2017లో మళ్లీ పడవలు నడపినారు. 2019లో కొత్త ప్రాంగణమూ తెరుచుకొన్నది, దీవీ మిగిలినది. ఇరుకుచోట సాధ్యమైనది విశాలమైనచోట ఎందుకు సాధ్యం కాలేదు?

దీనికి లెక్కల పుస్తకంలోనే జవాబు ఉన్నదేమో. 1955లో డిస్నీలాండ్‌లో పెద్దవారి ప్రవేశ రుసుము ఒక డాలరు; 2024లో రద్దీ దినాలలో అది 200 డాలర్లు దాటినది. 2021 నుండి, విహారంవద్ద బారులో నిలువకుండ ముందుకు పోదలచినవారు అదనంగా సొమ్ము చెల్లించే ఏర్పాటు కూడ వచ్చినది. బారు ఉన్నచోటనే దానిని తప్పించుకొనే హక్కు అమ్ముడుపోతుంది. గుహలకూ, ఊగే వంతెనకూ బారు లేదు. అక్కడ అమ్మటానికీ ఏమీ లేదు. పిల్లవానికి అది లాభం. లెక్క వ్రాసేవానికి అదే లోపం.

వ్యాపారసంస్థ లాభం చూచుకోవటం నేరం కాదు. కాని పిల్లలకొరకు వెలసిన చోటికి లాభమొక్కటే కొలబద్ద కారాదు. ఈ వివేచన ఉపాధ్యాయులకు మరింత అవసరం. పాఠశాలలో కొత్త గది కావలసివచ్చినప్పుడు మొదట కన్ను పడేది ఆటస్థలంమీదనే. సమయపట్టికలో కొత్త పాఠం చేర్చవలసివచ్చినప్పుడు మొదట తరిగేది ఆటల గంటనే. ఆ గంటకు మార్కులు లేవు, ఆ నేలకు ఫలితాల పట్టికలో చోటు లేదు. కనుక అడ్డుచెప్పేవారు ఉండరు. మార్పు తలపెట్టినవారిని రెండు ప్రశ్నలు అడగాలి: దీనితో ఏ తప్పు సరిదిద్దబడుతున్నది? పిల్లవాడు తన ఇష్టంతో తిరుగాడే చోటు ఎంత తరుగుతున్నది? మొదటిదానికి జవాబు లేక, రెండవదానికి మాత్రమే ఉన్నప్పుడు ఆ పనిని నవీకరణమని పిలువరాదు.