జనవరిలో చూసి నిర్ణయించుకోండి
డాలస్‌లో స్థిరపడిన మన కుటుంబాలకు మినియాపొలిస్ నుంచి మంచి ఉద్యోగం వస్తే, ఇంట్లో ముందు లేచే ప్రశ్న ‘ఆ చలిని తట్టుకోగలమా’ అనే. అక్కడ జనవరి రాత్రుల సగటు కనిష్ఠం సున్నాకు దాదాపు 13 సెల్సియస్ డిగ్రీలు దిగువన ఉంటుంది, నిజమే. కానీ అదొక్కటే చూసి వద్దనుకోవడం తొందరపాటు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు కరెంటు పోయి లక్షల కుటుంబాలు వణికిపోయింది టెక్సస్‌లోనే. చలి అలవాటైన ఊరు దానికి తగ్గట్టే ఇళ్లు కట్టుకుంటుంది. మినియాపొలిస్ నడిబొడ్డున 1962 నుంచి భవనాలను కలుపుతూ అద్దాల వంతెనలు వేస్తూ వచ్చారు. చాలా ఆఫీసుల నుంచి కోటు వేసుకోకుండానే భోజనానికి వెళ్లి రావచ్చు. నన్నడిగితే చలికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది చీకటి గురించి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. పగలంతా ఇంట్లో ఉండే మనిషికి, గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలకు అది మోయలేని బరువు. అందుకే జూన్‌లో సరస్సులు చూసి మురిసిపోయి సంతకం పెట్టకండి. జనవరిలో వారం రోజులు ఉండి రండి. మెట్ల మీద మంచు ఎవరు తీయాలో, హీటింగ్ బిల్లు ఎవరు కట్టాలో అద్దె ఒప్పందంలో చదవండి. రోజంతా ఆ ఇంట్లో గడపాల్సిన మనిషి మనస్ఫూర్తిగా సరేనంటేనే సామాను సర్దండి.