సంపాదకుని మాట: డాబా మీద ఎండ, పడిపోయిన లైను

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. కాలేజీల సౌర విద్యుత్తు మీద వేస్తున్న ఈ సంచికలో ఆ తేదీ ఎందుకంటే, మామూలు సోలార్ ఇన్వర్టరు లైను పోగానే తానూ ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. డాబా మీద ఎండ దంచుతున్నా కింద హాస్టల్లో ఫ్యాను తిరగదు! బ్యాటరీలు, లైనుతో పని లేకుండా నడిచే ఇన్వర్టరు ఉంటేనే వంటశాలకు, మంచినీళ్ల మోటారుకు కరెంటు. స్మార్ట్ గ్రిడ్ అనే పెద్ద మాటకు మన దగ్గర అసలు పని ఇదే: లైను పోయినప్పుడు ఏది నడవాలో, ఏది ఆగాలో ముందే తేల్చుకోవడం. ప్రిన్సిపాల్ గది ఏసీ కాసేపు ఆగినా ఫరవాలేదు.

అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా కొబ్బరి నీడ తప్పదు. ఒక్క ప్యానెల్ మీద మట్ట నీడ పడినా దానితో కలిపిన వరస దిగుబడి తగ్గుతుంది. ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనప ఫ్రేములు తుప్పు పడతాయి. వేసవిలో ఎండ ఎక్కువ, క్లాసులు ఉండవు. మిగిలిన యూనిట్లు నెట్ మీటరింగ్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు పోవాలి. ఎన్ని కిలోవాట్లని అడిగేముందు యాజమాన్యాలు పన్నెండు నెలల బిల్లులు, హాస్టల్ రాత్రి రీడింగులు ముందేసుకుని కూర్చోవాలి.