ఎంగిలి దారం, ఎంగిలి గ్లాసు

ముంబయి లోయర్ పరేల్‌లో ఇప్పుడు పాత మిల్లు కూడా అమ్మకపు సరుకే. కమలా మిల్స్ ఆవరణ నిండా పబ్బులు, బార్లు. పక్కనే ఫీనిక్స్ మిల్లు చిమ్నీని మాల్ మధ్య అలంకారంలా నిలబెట్టారు. ఆ చిమ్నీ కింద కులం ఎలా పనిచేసిందో మెనూ కార్డులో ఉండదు కాబట్టి ఇక్కడ చెబుతాను.

మిల్లుల్లో జీతం ఎక్కువుండే నేత ఖాతాలోకి అంటరానివారిని రానిచ్చేవారు కాదు. నాడెలో కండె మార్చినప్పుడల్లా దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి. దళితుడి ఎంగిలి తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. దళితులు తక్కువ కూలి దొరికే వడుకు ఖాతాలోనే మిగిలారు. ఈ నిషేధాన్ని తీసేయాలని 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ పట్టుబట్టారు. ఆయన ఏళ్ల తరబడి ఉన్న చాల్ కూడా పరేల్‌లోనిదే. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఆ మగ్గాల మీద పనిచేశారు కనుక ఇది మన చరిత్ర కూడా.

1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు నగరపాలికకు, మూడో వంతు ప్రజా గృహనిర్మాణానికి దక్కాలి. 2001లో ఆ వాటాను ఖాళీ జాగాకే పరిమితం చేశారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కార్మికుడి ఇల్లు లెక్కలో కరిగిపోయింది.

2017 డిసెంబర్ 29న, అర్ధరాత్రి దాటాక, కమలా మిల్స్ మిద్దె మీది పబ్బులో మంటలు లేచి 14 మంది చనిపోయారు. చాలామంది పొగకు బాత్‌రూముల్లో ఊపిరాడకపోయారు. అగ్నిమాపక అనుమతుల గురించి, అక్రమ కట్టడాల గురించి చర్చ జరిగింది. జరగాల్సిందే. 2020 జనవరిలో మాల్స్, రెస్టారెంట్లు రాత్రంతా తెరవొచ్చన్నప్పుడు మాత్రం ఉపాధి పెరుగుతుందన్నారే గానీ, ఏ పని ఎవరికన్న ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నాకు ముఖ్యమైన ప్రశ్న అదే. అతిథిని పలకరించే చోట ఇంగ్లీషు, చర్మపు రంగు, ఇంటిపేరు చూస్తారు. ఎంగిలి గ్లాసులు కడగడానికి, వాంతులు తుడవడానికి, గ్రీజు పట్టిన కాలువ తోడడానికి అవేవీ అడ్డురావు. ఎంగిలి పేరు చెప్పి మగ్గం నుంచి దూరం పెట్టినవారి మనవలకు ఆ ఎంగిలి కడిగే పని మాత్రం అందుబాటులో ఉంటుంది. పట్టణ సంస్కృతి మీద థీసిస్ రాసే మిత్రులు డాన్స్ ఫ్లోర్ గురించి చాలా రాశారు. రాత్రి రెండింటికి వెనక గేటు దగ్గర నిలబడి, కాంట్రాక్టరు హాజరు పుస్తకంలోని పేర్లు చదవండి. ఆ వేళ ఇంటికెళ్లే బండి ఎవరికుందో, లోకల్ రైలు కోసం తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చునేది ఎవరో కూడా రాసుకోండి.