భయపెట్టిన గాడ్జిల్లా, నవ్వించిన గాడ్జిల్లా



గాడ్జిల్లా పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సముద్రంలోనుంచి లేచివచ్చి, పట్టణాలను తొక్కి పాడుచేసే మహామృగం అది. జపానువారు దానిని ‘గొజిరా’ అంటారు. గొరిల్లా అనే మాటనూ, తిమింగలానికి వారు వాడే ‘కుజిరా’ అనే మాటనూ కలిపి ఆ పేరు పెట్టారు.

ఆ కథ ఎలా పుట్టిందో వినండి. 1954 మార్చి 1న, పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పేల్చి చూసింది. దాని బలం హిరోషిమా మీద పడిన బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు! ఆ వేళ 23 మంది జపాను జాలరులు ఒక పడవలో చేపలు పడుతున్నారు. ప్రమాదస్థలమని ప్రకటించిన హద్దుకు వారు బయటనే ఉన్నారు. అయినా కొన్ని గంటలలో వారి మీద తెల్లని బూడిద రాలింది. బాంబుదెబ్బకు పొడి అయిన పగడపు దిబ్బే ఆ బూడిద. దానినుంచి కంటికి కనిపించని కిరణాలు వెలువడుతూ ఉండటంచేత అందరూ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో ఒకరు మరణించారు.

ఆ నవంబరులోనే ఇషిరో హోండా తీసిన ‘గొజిరా’ విడుదలయింది. బాంబు పరీక్షల వల్లనే మృగం పైకి వచ్చిందని అందులో కథ. వేళాకోళం లేదు. ఈ పరీక్షలు మానకపోతే ఇలాంటి మృగం మరొకటి రావచ్చునని చివర ఒక శాస్త్రజ్ఞుడు హెచ్చరిస్తాడు. 1956లో సినిమాను మార్చి అమెరికాలో చూపినప్పుడు ఆ హెచ్చరికనే తీసివేశారు! మృగం మిగిలింది, మాట పోయింది.

తరువాత వరుసగా చిత్రాలు వచ్చాయి. 1964 నాటికి గాడ్జిల్లా మరి రెండు మృగాలతో చేయి కలిపి భూమిని కాపాడింది. 1965లో గెలిచిన సంతోషంతో గంతులు కూడా వేసింది!

“నవ్వించటం తప్పా, మాస్టారూ?” అని మీరు అడగవచ్చు. ఎంతమాత్రమూ కాదు. 1971 నాటి చిత్రంలో గాడ్జిల్లా మురికినీ పొగనూ తిని పెరిగిన మృగంతో పోరాడింది. పిల్లల వినోదమూ ఉంది, చెప్పవలసిన మాటా ఉంది.

2011లో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. 2016 నాటి చిత్రంలో మృగం ఊరిమీదికి వస్తూ ఉంటే అధికారులు సమావేశాలు జరుపుతూ కూర్చుంటారు. 2023 నాటి జపాను చిత్రం యుద్ధం మిగిల్చిన దుఃఖాన్ని చూపింది. 2024లో దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. అదే 2024లో వచ్చిన అమెరికా చిత్రంలో గాడ్జిల్లా కాంగ్ అనే మహావానరంతో జతకట్టి కుస్తీ పట్టింది!

చూశారా! మృగం ఒక్కటే; తీసినవారినిబట్టీ కాలాన్నిబట్టీ దాని గుణం మారుతూ వచ్చింది. కాబట్టి ఒకే కథకు రెండో భాగం, మూడో భాగం వచ్చినప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? ఇందులో మనను దేనికి భయపడమంటున్నారు?

కథలో నవ్వు పెరిగితే నష్టం లేదు. ఆ జాలరుల మీద రాలిన బూడిదను మరచిపోతేనే నష్టం.

మీరు చూసిన వరుస చిత్రాలను తలుచుకుని, ఈ ప్రశ్నలకు జవాబులు మీ స్నేహితులతో చర్చించండి. జవాబులు ఒకటి కాకపోయినా ఫరవాలేదు!