"బరువులు ఎత్తవద్దు" అనడం వైద్యం కాదు



వృత్తిలో ఉన్నన్నాళ్లూ నేను వేలసార్లు పలికి, నేడు తలచుకుని సిగ్గుపడే మాట ఒకటుంది: "బరువులు ఎత్తవద్దు." మెడనొప్పికీ ఆ మాటే, నడుము నొప్పికీ ఆ మాటే, మోకాళ్ల అరుగుదలకూ ఆ మాటే. చీటీ మీద మందుల పేర్ల కింద ఆ వాక్యం రాసి, గీత గీసి, తరువాతి రోగిని పిలిచేవాణ్ణి.

అనంతపురం పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి ఆ గీత దగ్గర నన్ను ఆపింది. రెండు చేతులకూ తిమ్మిర్లు, మెడ తిప్పలేని బాధ. రోజుకు ఎనిమిది బిందెలు మోస్తుంది. నా సలహా విని ఆమె కోపగించుకోలేదు, నవ్వింది. "అట్లయితే నీళ్లెవరు తెస్తారు సారూ? మీరేమన్నా మనిషిని పంపిస్తారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మాత్రలు రాసి పంపించాను. అది నేను చేసిన వైద్యం.

ఆ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లకు రాస్తున్నాను. బరువు మానలేని మనిషికి వైద్యుడు చెప్పవలసినది బరువు మానమని కాదు, బరువు మోసే పద్ధతి మార్చమని. ఆ పద్ధతిని కొత్తగా కనిపెట్టనక్కరలేదు. నూరేళ్ల కిందటి సిపాయి భుజాన ఉన్న నవారు సరంజామాలో అది సిద్ధంగా ఉంది. మనం దానిని తిరిగి బతికించాలి. ఇదే నా వాదం.

సిపాయి సామగ్రికీ వైద్యానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఆ కథ మన తెలుగు నేలను తాకుతూ సాగినదే. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాలను నెలకొల్పిన రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ తరువాతి కాలంలో ఇంగ్లండులోని నెట్లీ సైనిక వైద్య పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. పడుచు సైనికులు గుండెదడతో, ఆయాసంతో పట్టాలం విడిచి ఇంటికి పోవడం చూసి ఆయన వేలు చూపినది వారి వీపుమూట మీద, ఛాతీని బిగించే దాని పట్టీల మీద. అదే పాఠశాలలో ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడైన ఎడ్మండ్ పార్క్స్ సిపాయి బరువుపై విచారణ జరిపిన సంఘంలో సభ్యుడు. ఆ విచారణ ఫలితంగా 1871లో బ్రిటిష్ సైన్యం కొత్త సామగ్రిని స్వీకరించింది. భుజాల మీద ఉన్న మూట నడుము వైపు దిగింది, ఛాతీ మీద బిగింపు సడలింది.

వారు చెప్పినదంతా నిజమని నేను అనను. ఆ సైనికుల గుండెదడలో చాలా భాగం గుండెజబ్బు కాదని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో థామస్ లూయిస్ వంటివారు చూపించారు. రోగకారణం విషయంలో మెక్లీన్ కొంత పొరబడ్డాడు. కాని ఆయన వేసిన ప్రశ్న సరైనది. రోగిని చూడడంతో ఆగక, రోగి వీపు మీద ఉన్నదేమిటో కూడా చూశాడు. నేను అది చేయలేదు.

ఆ ఆలోచన 1908లో పరిణతి చెందింది. బోయర్ యుద్ధంలో తోలు పట్టీలు తడిసి, ఎండి, బిగుసుకుని సిపాయిలను వేధించిన తరువాత, మిల్స్ అనే సంస్థ గట్టి నూలు నవారుతో కొత్త సరంజామా నేసింది. మన నవారు మంచానికి అల్లే నవారుకు అది దగ్గరి చుట్టమే. మూడంగుళాల వెడల్పు నడుంపట్టీ, రెండంగుళాల వెడల్పు భుజపట్టీలు, ముందు తూటాల సంచులు, వెనుక వీపుసంచి, పక్కన నీళ్ల బుడ్డి. మొత్తం సరంజామాను చొక్కాలా ఒక్కసారి తొడుక్కోవచ్చు, ఒక్కసారి విప్పవచ్చు. ముందు బరువు, వెనుక బరువు ఒకదానినొకటి తూచుకుంటాయి. దాని తరువాత వచ్చిన 1937 నమూనాను మన భారత సైన్యం రెండవ ప్రపంచయుద్ధంలో ధరించింది. అమెరికా సైన్యం 1973లో స్వీకరించిన ఆలిస్ సామగ్రి దీనికి లోహపు చట్రాన్నీ, మెత్తని నడుంపట్టీనీ జోడించింది.

ఇప్పుడు శరీరం వైపు నుంచి చూద్దాం. భుజం బరువు మోయడానికి పుట్టిన అవయవం కాదు. మెడ నుంచి చేతికి వెళ్లే నాడుల గుత్తి కాలరెముక కిందుగా పోతుంది. సన్నని పట్టీ అక్కడ గంటల తరబడి నొక్కితే చేయి తిమ్మిరెక్కుతుంది, పట్టు తప్పుతుంది, ఒక్కొక్కప్పుడు భుజమే ఎత్తలేని స్థితి వస్తుంది. సైనిక వైద్యులు దీనికి వీపుసంచి పక్షవాతమనే పేరు పెట్టారు. చట్రమూ నడుంపట్టీ ఉన్న సంచులు మోసినవారి కంటే అవి లేని సంచులు మోసినవారిలో ఇది అనేక రెట్లు ఎక్కువని 1987లో అమెరికా సైనిక వైద్యులు ప్రచురించారు.

తుంటి ఎముక సంగతి వేరు. నడుముకు రెండు పక్కలా చేతికి తగిలే ఆ ఎముక గట్టు మన దేహంలో బరువు మోయడానికి తగిన చోటు. అక్కడ దించిన బరువు వెన్నుపూసల మధ్య బిళ్ళలను నలపకుండా నేరుగా కాళ్లలోకి పోతుంది. లెక్క కూడా సులభమే. అదే బరువును అంగుళం పట్టీ మోస్తే చర్మం మీద పడే ఒత్తిడిలో, రెండంగుళాల పట్టీ మోస్తే సగమే పడుతుంది. బరువు వెన్నుకు దూరమైనకొద్దీ మనిషి ముందుకు వంగాలి, వెన్ను కండరాలు అదనంగా లాగాలి. బరువు వెన్నుకు దగ్గరగా ఉండాలి, వెడల్పు పట్టీ మీద ఉండాలి, తుంటి మీద వాలాలి, ముందువెనుకలు సమంగా ఉండాలి. ఈ నాలుగు సూత్రాలే ఆ పాత సరంజామా సారం.

మన దేశంలోనే దీనికి సాక్ష్యముంది. 1971లో దత్తా, రామనాథన్ అనే పరిశోధకులు 30 కిలోల బరువును ఏడు పద్ధతులలో మోయించి పోల్చారు. ముందువెనుకలు పంచిన జంటసంచికి శ్రమ అన్నిటికంటే తక్కువైంది. చేతులతో మోయడం అన్నిటికంటే కష్టమైంది. మన కావడి కూడా దాదాపు అట్టడుగునే నిలిచింది. 1965లో మల్హోత్రా, సేన్‌గుప్తా బడిపిల్లల సంచులను పరీక్షించి, వీపుకు రెండు పట్టీలతో కట్టిన సంచి కంటే చేతితో మోసే సంచికి రెట్టింపునకు మించిన శక్తి ఖర్చవుతుందని చూపించారు. మన శాస్త్రజ్ఞులు అర్ధ శతాబ్దం కిందటే చెప్పిన మాటను మన అంగడి సంచులు ఇంకా వినలేదు.

ఇక మన మెట్టసీమకు వద్దాం. సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు పడే నేల ఇది. ఇక్కడ నీటిని మనుషులే మోస్తారు. చీనీ తోటలో మందు కొట్టే కూలీ వీపు మీద 16 లీటర్ల డబ్బా ఉంటుంది. నీటి బరువే 16 కిలోలు, డబ్బా, బ్యాటరీ దానికి అదనం. దానికి ఉన్నవి భుజాలను కోసే రెండు సన్నని పట్టీలు. నడుంపట్టీ ఉండదు. ఉపాధి హామీ పథకానికి శ్రీకారం చుట్టినది 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టం పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలన్నది. మంచిదే. కాని మట్టి మోసే ఆడబిడ్డ నెత్తి మీదకు దొరికినది చుట్టకుదురూ తట్టా మాత్రమే. గాయమైతే కట్టు కట్టే పెట్టె గుర్తుకు వచ్చింది. మెడ అరగకుండా కాపాడే పట్టీ ఎవరికీ గుర్తుకు రాలేదు.

దీనికి తోడు మన నీటిలో ఫ్లోరైడ్ ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట వివరించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. అనంతపురం బోర్ల నీటిదీ అదే కథ. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్ను గట్టిపడుతుంది, వెన్నుపాము సాగే దారి ఇరుకవుతుంది. అటువంటి మెడ మీద బిందె పెట్టడమంటే ఇరుకు సందులోకి బండి తోలడమే. నా ముందు నవ్విన ఆ తల్లి మెడ ఫొటో తీయిస్తే కనిపించినది అదే.

నా మాటకు వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు.

"నెత్తి మీద మోయడం తరతరాల అలవాటు, శాస్త్రం కూడా దానిని మెచ్చుకుంది" అంటారు. నిజమే. 1986లో నేచర్ పత్రికలో అచ్చైన ఒక అధ్యయనం తూర్పు ఆఫ్రికా స్త్రీలు తమ బరువులో 20 శాతం దాకా అదనపు ప్రాణవాయువు ఖర్చు లేకుండా తలపై మోయగలరని చూపింది. పైన చెప్పిన 1971 పోలికలోనూ తలమోత మంచి స్థానంలోనే ఉంది. అయితే లెక్క వేయండి. 45 కిలోల స్త్రీకి 20 శాతమంటే 9 కిలోలు. 15 లీటర్ల నీళ్ల బిందె ఆమె బరువులో మూడో వంతు. పైగా ఆ అధ్యయనం కొలిచినది ఊపిరిని, మెడ ఎముకలను కాదు. ఆయాసం రాలేదు కాబట్టి అరుగుదల లేదనుకోవడం తప్పు.

"ఇంటింటికీ కొళాయి రావాలి గాని ఈ పట్టీలెందుకు?" అని మరికొందరంటారు. కొళాయి రావాలి, రానివారిని నిలదీయాలి. 1995లో మొదలైన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం మన జిల్లాలో వందలాది పల్లెలకు ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను. కాని మందు డబ్బా కొళాయిలో రాదు, గడ్డిమోపు కొళాయిలో రాదు, చెరువు మట్టి కొళాయిలో రాదు. రేపటి కొళాయి పేరు చెప్పి నేటి మెడను పణం పెట్టవద్దు.

"ఎండలో వీపుకు సంచి తగిలితే చెమట పోయదా?" అన్నది న్యాయమైన ప్రశ్న. పోస్తుంది. అందుకే సంచిని వీపు నుంచి కొంచెం ఎడంగా నిలిపే చట్రం కావాలి, గాలి ఆడాలి. మరొక జాగ్రత్త నేనే చెబుతాను. నూలు నవారు పురుగుమందును పీల్చుకుంటుంది. కాబట్టి మందు డబ్బాకు కడిగితే శుభ్రపడే నైలాన్ పట్టీ వాడాలి, ప్రతి రోజూ సబ్బునీటితో కడగాలి. పాత నమూనాను బతికించడమంటే దాని సూత్రాన్ని బతికించడం, దాని గుడ్డను పూజించడం కాదు.

అన్నిటికంటే నేను భయపడే ప్రమాదం మరొకటి. పట్టీ మెరుగైందని బరువు పెంచేవారుంటారు. సైన్యాలు చేసినది అదే. ప్రతి కొత్త సరంజామాతో సిపాయి మీదికి మరికొంత సామాను చేరింది. మన మేస్త్రీలూ, మన బడులూ అదే పని చేయగలవు. పట్టీ ఉన్నది బాధ తగ్గించడానికి, మోత పెంచడానికి కాదు. పిల్లల సంచి వారి బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి కేంద్ర పాఠశాల సంచి విధానం చెప్పింది. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు. ఈ రాత్రే మీ బిడ్డ సంచిని తూచి చూడండి.

ఇది మనవల్ల కాని పనేమీ కాదు. రాయదుర్గంలో జీన్సు దుస్తులు కుట్టే చేతులున్నాయి. అంత మందపు గుడ్డ కుట్టగల మిషనుకు ఒక నడుంపట్టీ లెక్కా? మందు డబ్బాలు అమ్మేవారు నడుంపట్టీ లేని డబ్బా అమ్మకూడదన్న నియమం వస్తే చాలు, సగం పని అయిపోతుంది. ప్రజాపనులలో తట్టతో పాటు పట్టీని కూడా సర్కారు ఇవ్వాలి. ఇది దయ కాదు, పనిముట్టు. పార ఇచ్చినట్టే ఇది కూడా.

అంతదాకా మీరు చేయగలిగినది ఇది. ఉన్న డబ్బాకే మూడంగుళాల నడుంపట్టీ కుట్టించండి. అది పొట్ట మీద కాక తుంటి గట్టు మీద కూర్చోవాలి. భుజపట్టీలు రెండంగుళాలకు తగ్గకూడదు. పట్టీ కొక్కెం ఒక్క లాగుతో ఊడిరావాలి, పడిపోయినా, మందు కారినా క్షణంలో విడిపించుకోగలగాలి. డబ్బాను సగమే నింపి రెండు తడవలు నడవడం ఒక్క తడవ వంగిపోవడం కంటే మేలు. గర్భిణులు ఈ పట్టీ కట్టుకోరాదు, ఈ బరువులూ మోయరాదు. చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం, నడకలో తూలడం కనిపిస్తే పట్టీతో సరిపెట్టుకోక వెంటనే వైద్యుని చూడండి.

నాతోటి వైద్యులకు ఒక విన్నపం. రేపు నడుము నొప్పితో వచ్చిన రోగిని "ఎక్కడ నొప్పి?" అని అడిగిన తరువాత "ఏం మోస్తావు? ఎలా మోస్తావు?" అని కూడా అడగండి. దానికి అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఆ తల్లికి ఇవ్వలేదు. మీరు ఇవ్వండి.