ఆటల పీరియడ్ ఆటలకే: బాన్సువాడ బడులకు రోజుకో గంట

పిల్లల ఒంట్లో చక్కెరను బాగా వాడుకునేవాటిలో కండరాలు ముఖ్యమైనవి. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో కలిశాక, అందులో గణనీయమైన భాగం వాటిలోకి చేరాలి. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ పని ఇన్సులిన్ చేయాల్సిందే. పరుగెత్తే కండరం మాత్రం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. ఆట ముగిశాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది. తర్వాత ఆ గుణం తగ్గిపోతుంది. అందుకే వారానికోసారి ఆడే ఆట చాలదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో బడి వయసు పిల్లల్లో దాదాపు పదిమందికొకరు రక్తంలో చక్కెర పెరిగి మధుమేహానికి ముందు దశలో ఉన్నట్టు తేలింది. అధిక బరువున్నవారు మాత్రం వందకు సుమారు ఐదుగురే. అంటే సన్నగా ఉన్న పిల్లలకూ ముప్పుంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పసికందులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చిన పరిశోధకులు దీని మూలం చూపారు: మన బిడ్డల బరువు తక్కువ, కండ ఇంకా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. "మావాడు బక్కగానే ఉన్నాడు కదా" అన్న ధీమా తల్లిదండ్రులకు పనికిరాదు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి కాకపోవచ్చు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. రుద్ది కడగడం మాని డాక్టరుకు చూపించాలి.

నిజాంసాగర్ కాలువల కింద వరి పండే బాన్సువాడలో అన్నమే ప్రధాన ఆహారం. పెద్దల కాలంలో ఆ అన్నం నాట్లలో, కోతల్లో, కల్లాల్లో కరిగేది. ఇప్పుడు కోతకు మిషన్ వస్తుంది, పిల్లవాడు ఇంటి ముందు ఆటో ఎక్కి బడి ముందు దిగుతాడు. సాయంత్రం ట్యూషన్, ఆపైన ఫోన్. చిర్రగోనె, తొక్కుడుబిళ్ళ ఆడే సందులు బండ్లతో నిండాయి.

చట్టం మాత్రం పిల్లల పక్షానే ఉంది. ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాను ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. 2022లో తెలంగాణ పల్లెల్లో క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. కొరత ఎక్కువగా వేళకే. టైంటేబుల్‌లో ఉన్న ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠమో సైన్సు పాఠమో తీసుకుంటుంది. పదో తరగతికి వచ్చేసరికి అది పేరుకే మిగులుతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉన్నచోట కూడా ఆయన శ్రమంతా మండల పోటీలకు వెళ్లే జట్టు మీదే. నిజామాబాద్ గడ్డ నుంచి నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ విజేత కావడం, మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014లో ఎవరెస్టు ఎక్కడం ఈ ప్రాంతానికి గర్వకారణం. కానీ జట్టులో చోటు దొరకని నలభైమంది కండరాలకూ అంతే పని కావాలి.

కాబట్టి ఆటల పీరియడ్ ప్రతి తరగతికీ రోజూ ఉండాలి, మరో పాఠానికి ఇవ్వకూడదు. ప్రార్థన తర్వాత పావుగంట కసరత్తు, సాయంత్రం కబడ్డీ, ఖోఖో లాంటివి కలిపితే గంట నిండుతుంది. పీఈటీ లేని చిన్న బడిలో ఈ బాధ్యత క్లాసు టీచరుది. అద్దె భవనాల్లో నడిచే ప్రైవేటు బడులు పిల్లలను దగ్గరి ప్రాంగణానికి తీసుకుపోవాలి. ప్రభుత్వ బడుల గేట్లు సాయంత్రం మూయకుండా మున్సిపాలిటీ, పంచాయతీలు చూడాలి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఎనిమిదో తరగతి దాటగానే చాలామంది చెట్టు కింద కూర్చుండిపోతారు. శుభ్రమైన మరుగుదొడ్డి, వెంట ఒక టీచరమ్మ, తమదైన వేళ ఉంటే వాళ్లూ ఆడతారు. బతుకమ్మ, కోలాటం అడుగులు కూడా గుండె వేగం పెంచేవే. మార్చి నుంచి ఎండలు ముదిరితే ఆటను ఉదయం తొలి పీరియడ్‌కు మార్చి, నీళ్ల కుండలు మైదానం దగ్గరే పెట్టాలి.