బదిలీ దండనమా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల 1991 నాటి క్రమశిక్షణా నియమములలో అభిశంసనము మొదలు బర్తరపు వఱకు దండనములు వరుసగా నున్నవి. బదిలీ యందు లేదు. అయినను బాలికతో నసభ్యముగా ప్రవర్తించిన యుపాధ్యాయుని పొరుగూరి బడికి పంపి, న్యాయము జరిగినదని తృప్తిపడు పెద్దలు కలరు! పొరుగూర బాలికలు లేరా? ఆలస్యముగా వచ్చినవానికి ఇంక్రిమెంటు కోత. వీనికి ప్రయాణపు బత్తెము! “పాపము, వాని భార్యాబిడ్డల గతి యేమి?” యని జాలిపడుదురు. ఆ బాలిక గతి యడుగువారు లేరు.

ఆడపిల్లను ఎదురుప్రశ్నల పాలు చేయుటెట్లని మఱికొందఱి సాకు. నవోదయ విద్యాలయపు టుపాధ్యాయు డొకని విషయమున 1996లో సుప్రీంకోర్టు దీనికి బదులు చెప్పియే యున్నది: ప్రాథమిక విచారణలో దోషము తేలగా, బాలికలను క్రాసుపరీక్షకు లాగకయే యతని తొలగించుట సక్రమమని తీర్పిచ్చినది.

బదిలీ యుత్తరువుపై చేవ్రాలు చేయు నధికారి తన కూతును ఆ పొరుగూరి బడిలో చేర్పించునా?